ఆకురాయితో చెరిపేసిన పేరు

ఈ రాత్రి కర్నూలులో, నంద్యాల రోడ్డు మీద కొత్తగా తెరిచిన ఒక హోటలుకు మా చిన్నాయన కుటుంబంతో కలిసి భోజనానికి వెళ్లాను. ఇంటికి వచ్చి రెండు గంటలైనా నిద్ర పట్టలేదు, కోపమూ తగ్గలేదు. అందుకే లేచి కూర్చుని రాస్తున్నాను.

ఆ హోటలులో డబ్బులు కట్టే బల్ల పక్కన గొలుసుకు ఒక ఇత్తడి గంట వేలాడుతోంది. భోజనం నచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు దాన్ని ఒకసారి మోగించాలట. మా చిన్నాయన 22 ఏళ్లు సరుకు ఓడల ఇంజను గదుల్లో పనిచేసి వచ్చిన మనిషి. గంట కంటపడగానే ఆయన చేయి కడుక్కోవడం కూడా మరిచి నేరుగా దాని దగ్గరికి నడిచారు. అది గుడి గంట కాదు, బడి గంట కాదు, ఓడ గంట. దాని ముందు వైపు జానెడు మేర ఆకురాయితో రుద్ది చదును చేసి, ఆ చదునులో యంత్రంతో హోటలు పేరు చెక్కించారు. యజమాని మేము ముచ్చటపడుతున్నామనుకుని సంతోషంగానే చెప్పాడు: "అలంగ్ నుంచి తెప్పించినాం సార్, కేజీల లెక్కన. ఏదో పాత ఓడ పేరు ఉండె. మనకెందుకులే అని రుద్దించేసి మన పేరు కొట్టించినాం." అలంగ్ అంటే గుజరాత్ తీరంలో పాత ఓడలను విడగొట్టే చోటు. చిన్నాయన ఆ చదును మీద వేలు పెట్టి మెల్లగా నడిపి, "కింద ఏదో అంకె మిగిలిందిరా" అన్నారు. ఆ తర్వాత ఆయన అన్నం కెలికారే కానీ తినలేదు.

ఓడలో గంట అలంకారం కాదు. కాపలా వంతుల్లో అరగంట అరగంటకూ కాలం చెప్పేది అదే, పొగమంచులో ఎదుటి ఓడను హెచ్చరించేదీ అదే. ఓడ పేరును గంట మీద పోత పోసో చెక్కో ఉంచుతారు. సముద్రం అడుగున తుప్పుపట్టిన శిథిలం ఏ ఓడదో తేల్చుకోలేక తలలు పట్టుకున్న గజ ఈతగాళ్లకు ఎన్నోసార్లు జవాబు చెప్పింది గంట మీది ఆ అక్షరాలే. నూరేళ్లు నీళ్లలో నానినా పోని పేరును, కర్నూలులో ఒక పనివాడు ఒక పూటలో రుద్దిపారేశాడు. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం మన కడప జిల్లా రాతి మీదే ఉంది. ఆ సీమలో పుట్టినవాళ్లకు చెక్కిన అక్షరం విలువ మరొకరు వచ్చి నేర్పాలా?

ఆ యజమానిని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన చేతికి వచ్చేలోపే ఆ గంట అనాథ అయింది. ఎవరు అనాథను చేశారన్నదే నా కోపం. ఓడ తుక్కుకు అమ్ముడుపోయినప్పుడు ధర కట్టేది దాని సొంత బరువుకు, టన్నుల లెక్కన. భోజనశాల గోడలకు బిగించిన చెక్కడపు పలకలైనా, అడుగున ఉన్న తుప్పు రేకైనా ఆ లెక్కలో ఒకటే. ఇంకా తిరగవలసిన ఓడ చేతులు మారేటప్పుడు వాడే నార్వే ఒప్పంద పత్రం గురించి చిన్నాయన దారిలో చెప్పారు. అమ్మేవాడు తన జెండా గానీ పేరు గానీ ఉన్న పింగాణీని, చెంచాలను, దుప్పట్లను దించుకుపోవచ్చునట. వాటి బదులు పేరు లేని అలాంటి సామానే పెట్టి ఇవ్వాలట. కెప్టెనూ సిబ్బందీ సొంతంగా తెచ్చుకున్న వస్తువులు అమ్మకంలోకి రావట. కంపెనీ తన పేరును ఇంత జాగ్రత్తగా కాపాడుకుంటుంది. ఓడ పేరును, ఓడ కథను కాపాడమని మాత్రం ఆ ఒప్పందం ఎవరినీ అడగదు.

ఓడలను విడగొట్టే పని మీద దేశాలు చేసుకున్న హాంకాంగ్ ఒడంబడిక 2025 జూన్ 26 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఓడలో ఆస్‌బెస్టాస్ ఎక్కడుంది, విషపూరిత పదార్థాలు ఏవేవి ఉన్నాయి అన్న జాబితా ఉండి తీరాలి. మంచి నియమం. అలంగ్ కూలీల ఊపిరితిత్తుల కోసం అది ఎప్పుడో రావలసింది. కానీ గోడ లోపలి ఆస్‌బెస్టాస్‌ను గది గదికీ తిరిగి రాయగలిగిన చేతికి, అదే గోడ మీది చిత్రం ఎవరు గీసింది, ఏ సంవత్సరంలో బిగించింది అని మరో కాగితం మీద రాయడం అంత కష్టమా? కావలసింది ఒక మనిషి, ఒక కెమెరా, ఒక వారం రోజులు. కోట్ల రూపాయల అమ్మకంలో ఆ వారం రోజుల కూలి ఎవరి లెక్కకూ అడ్డు రాదు.

మన చట్టమూ ఇక్కడ చేతులెత్తేస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువుకు నూరేళ్లు నిండితేనే అది పురావస్తువు. రాతప్రతులకూ పత్రాలకూ 75 ఏళ్లు చాలు. ప్రయాణికుల ఓడ ఎంత గొప్పదైనా నూరేళ్లు నీటి మీద ఉండడం అరుదు. అంటే చట్టం దాన్ని గుర్తించే వయసు వచ్చేసరికి అది కడ్డీలుగా మారి, ఏ మిద్దె స్లాబులోనో ఉంటుంది.

'ఫ్రాన్స్' అనే ఓడనే చూడండి. 1962లో తొలి ప్రయాణం చేసింది, ఒక దేశం తన పేరునే పెట్టుకుని గర్వపడిన ఓడ. 1974లో దాన్ని ఆపేశారు, 1979లో నార్వే వాళ్లు కొని 'నార్వే' అని పేరు మార్చారు. 2003లో మయామీలో బాయిలరు పేలింది. 2006లో 'బ్లూ లేడీ' అన్న మూడో పేరుతో గుజరాత్ తీరంలోని అలంగ్‌కు చేరి, ఆటుపోటుల బురదలో పడుకుంది. ఆస్‌బెస్టాస్ మీద కేసు నడిచి, 2007లో మన సుప్రీంకోర్టు విడగొట్టడానికి అనుమతించింది. దాని ముక్కు కొసను మాత్రం విడిగా కోసి తిరిగి ఫ్రాన్స్‌కు పంపారు. 2009లో పారిస్‌లో అది వేలానికి వచ్చింది, ఇప్పుడు ల హావ్ర్ రేవులో నిలబెట్టి ఉంది. ముక్కు ఇల్లు చేరింది. మిగిలిన ఒంట్లో ఎంత భాగం అలంగ్ దారి పొడవునా బారులు తీరిన పాత సామాన్ల అంగళ్లలో సోఫాలుగా, అద్దాలుగా, దీపాలుగా విడివిడిగా అమ్ముడుపోయిందో ఎవరికి తెలుసు? అలంగ్‌లో 1983 నుంచి ఓడలు విడగొడుతున్నారు. అన్నేళ్ల ఓడల సామాను దేశమంతటి పెళ్లి మంటపాల్లో, లాడ్జీల్లో, హోటళ్లలో పేరు లేకుండా ఉంది. అందులో ఒకటి ఈ రాత్రి నాకు నంద్యాల రోడ్డు మీద కనిపించింది.

అమ్మడం వద్దని నేను అనడం లేదు. ఓడను నిలబెట్టి పోషించడం ఏనుగును పోషించడంకన్నా కష్టం. అయితే అమ్మే తీరులో తేడా ఉంది. 'టైటానిక్' తోబుట్టువు 'ఒలింపిక్'ను 1935లో తుక్కుకు అమ్మినప్పుడు, దాని లోపలి సామానును వేలం వేశారు. ఇంగ్లండులోని ఆల్నిక్ అనే చిన్న ఊరి హోటలు యజమాని అందులోంచి చెక్క పలకలు కొని తన భోజనశాలకు బిగించి, ఆ శాలకు ఒలింపిక్ పేరే పెట్టుకున్నాడు. ఈనాటికీ అక్కడ భోంచేసేవాళ్లు ఏ ఓడ గోడల మధ్య కూర్చున్నారో తెలిసి కూర్చుంటారు. ఆయనా హోటలు యజమానే, మన నంద్యాల రోడ్డు పెద్దమనిషీ హోటలు యజమానే. ఒకరి చేతికి వస్తువు పేరుతో సహా వచ్చింది, మరొకరికి కేజీల లెక్కన వచ్చింది. 'నార్మండీ' అన్న ఫ్రెంచి ఓడ 1942లో న్యూయార్కు రేవులో కాలిపోయింది. అంతకుముందే దించి ఉంచిన దాని గాజు చిత్ర ఫలకాలు ఈనాడు ఆ నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. దాని కంచు తలుపుల పతకాలు బ్రూక్లిన్‌లో ఒక చర్చి తలుపులకు ఉన్నాయి. ఓడ పోయినా, ఇది ఫలానా ఓడది అనే మాట పోలేదు.

అమెరికా వాళ్లు తమ 'యునైటెడ్ స్టేట్స్' ఓడకు చేసింది తలుచుకుంటే కడుపు మండుతుంది. 1952లో మూడు రోజుల పది గంటల నలభై నిమిషాల్లో అట్లాంటిక్ దాటి వేగంలో రికార్డు పెట్టిన ఓడ అది. 1969లో ఆపేశారు. 1984లో లోపలి సామానంతా వేలం వేసి ఎవరికి దొరికింది వాళ్లకు ఇచ్చేశారు. 1996 నుంచి ఫిలడెల్ఫియా రేవులో ఖాళీ డొల్లగా నిలబడింది. 2011లో దాన్ని కాపాడుదామని ఒక సంఘం కొన్నది. చివరికి రేవు అద్దె గొడవలో నిలవలేక, 2024లో ఫ్లోరిడాలోని ఒక కౌంటీకి పది లక్షల డాలర్లకు ఇచ్చింది. వాళ్లు కొన్నది సముద్రంలో ముంచి చేపలకు దిబ్బగా చేయడానికి. ఇక ఒడ్డున ఆ ఓడ కథ చెప్పే మ్యూజియం కట్టాలంటే, ఒకనాడు వేలంలో చెదిరిపోయిన సామానును ఆ సంఘం ఇంటింటా వెతికి రప్పించుకోవలసిందే. అమ్మిన రోజే పదిశాతం పక్కన పెట్టి ఉంటే ఈ భిక్షాటన ఉండేదా?

మన ఇంటి సంగతి అంతకన్నా నొప్పి. విక్రాంత్ ప్రయాణికుల ఓడ కాదు, యుద్ధనౌక. 1971లో బంగాళాఖాతంలో పోరాడింది. 1997లో సేవ నుంచి తప్పించి, ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా నిలిపి, నిర్వహణ కష్టమని 2012లో దాన్నీ మూసేశారు. 2014లో దాదాపు 60 కోట్లకు తుక్కు కింద అమ్మి, ముంబై దారుఖానాలో విడగొట్టారు. ఆ ఇనుములో కొంత మోటారు సైకిళ్లలో కలిసింది. అదే విశాఖలో కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియంగా తెరిచారు. మా కర్నూలు పిల్లలు కూడా బస్సుల్లో వెళ్లి అందులో వంగి నడిచి చూసి వస్తున్నారు. చేయాలనుకుంటే చేయగలమని ఆ ఒక్క జలాంతర్గామి చెబుతోంది.

నాకు ఇంత కోపం ఎందుకని మా ఇంట్లో అడిగారు. చెబుతాను. మా జేజి వాళ్ల ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. నీళ్లు రాకముందే జేజి మిద్దె ఇంటి దంతెలనూ, చిలుకలూ తామరలూ చెక్కిన తలవాకిలినీ ఊడదీయించి ఎద్దుల బండిలో కర్నూలుకు తెచ్చుకుంది. ఊరు పోయినా ఆ వాకిలి ముందు నిలబడితే తనకు ఊరు కనబడుతుందనేది. జేజి పోయిన రెండేళ్లకు మా బంధువు ఒకాయన ఆ వాకిలిని బెంగళూరు నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశాడు. ఒక ఫోటో అయినా తీయలేదు. కొన్నవాడు ఊరి పేరు అడగలేదు, అమ్మినవాడు చెప్పలేదు. అది ఇప్పుడు ఏ రిసార్టులో నిలబడి ఉందో, దాన్ని అక్కడివాళ్లు ఏ సీమ వాకిలి అనుకుంటున్నారో నాకు తెలియదు. ఆకురాయి మోత విన్నట్టు గంట మీద ఆ చదును చూసినప్పుడు నాకు కనిపించింది జేజి వాకిలే.

అదే జలాశయం కోసం కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఏం చేశారో మనందరికీ తెలుసు. రాయి రాయినీ విప్పి, తెచ్చి, తుంగభద్ర అవతల అలంపురంలో మళ్లీ పేర్చి నిలబెట్టారు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో ముందే రాసుకున్నారు కాబట్టే అది ఈనాడు గుడిగా ఉంది, లేకపోతే రాళ్ల కుప్పగా ఉండేది. ఓడ భోజనశాలకూ, ఓడను నడిపే గదికీ, గంటకూ నేను అడిగేది ఆ రాసుకోవడమే. విడగొట్టండి, అమ్మండి, ఇనుమును కరిగించుకోండి. విప్పే ముందు రాసుకోండి, వస్తువుతో పాటు ఆ కాగితం కూడా కొనేవాడి చేతిలో పెట్టండి. మన ఓడల పునర్వినియోగ చట్టం 2019లో వచ్చింది. అందులో ఈ ఒక్క నిబంధన చేర్చమని అడిగేవాళ్లు సముద్రం ఒడ్డునే ఉండనక్కరలేదు, కర్నూలులో ఉన్నా అడగవచ్చు.

మీలో ఎవరి ఇంట్లోనైనా, హోటలులోనైనా అలంగ్ నుంచి వచ్చిన సామాను ఉంటే దయచేసి దాన్ని తిప్పి వెనక వైపు చూడండి. అడుగున ముద్ర ఉందేమో, మూల మీద అంకె ఉందేమో ఫోటో తీసి పెట్టుకోండి. పాలిష్ పట్టించేవాడికి ఇచ్చే ముందు ఆ పని చేయండి.

వచ్చేముందు ఆ యజమానితో చిన్నాయన కూర్చుని మాట్లాడారు. ఓడ గంట అంటే ఏమిటో చెప్పారు. ఆయన మొదట మౌనంగా విని, తర్వాత "నాకు ఎవరూ చెప్పలేదు పెద్దాయనా" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. రేపు మధ్యాహ్నం రద్దీ మొదలుకాకముందు, పదకొండు గంటలకు రమ్మన్నాడు. పలుచని కాగితమూ మెత్తని పెన్సిలూ తీసుకుని వెళ్తున్నాము. చదును అంచున మిగిలిన ఆ అంకె మీద కాగితం పరిచి రుద్దితే 6 తేలుతుందో 8 తేలుతుందో చూడాలి. ఆకురాయి లోతుగా దిగని చోట ఒక అక్షరం కాలు కూడా ఉందని చిన్నాయన గట్టిగా అంటున్నారు.