కల్పిత రాజ్యమైనా ముందు పటం గీయండి

ఫాంటసీ నవల రాస్తున్నానంటే మా నెల్లూరు మిత్రులు కథ గురించి అడగరు, "మ్యాప్ పెడుతున్నావా?" అంటారు. కొందరి లెక్కలో మ్యాప్ లేనిది ఫాంటసీయే కాదు. ఇంకొందరేమో ఇంగ్లీషు పుస్తకాలను చూసి వాత పెట్టుకోవడం అంటారు. రెండు మాటలూ నాకు నచ్చవు.

వద్దనేవాళ్ల వాదనలో బలం ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు గొల్లపిల్లవాడికి మజిలీకో కథ చెబుతూ కాశీకి నడుస్తాడు. అక్కడ పటంతో పనేముంది? ఏ ఊరికి ఎంత దూరమన్నది ఆ కథలను మార్చదు. అలాంటి నవలకు పటం వేస్తే అది అలంకారమే.

యుద్ధం, ముట్టడి, నీళ్ల తగాదా ఉన్న కథ సంగతి వేరు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలనే చూడండి. పడమర వెలిగొండలు, తూర్పున సముద్రం, నడుమ సన్నటి మైదానం. విజయవాడ నుంచి చెన్నై పోయే రైలుకైనా హైవేకైనా ఇదే దారి. ఎక్కడో నంది కొండల్లో పుట్టిన పెన్న సోమశిల దగ్గర కొండల సందులోంచి బయటపడి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ సందు ఒక రాజు చేతిలో, కింద మాగాణి ఇంకో రాజు చేతిలో ఉంటే? కథ అక్కడే మొదలైపోయింది.

శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల మీదికి వచ్చినప్పుడు ముందు మన నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర ఆగాల్సి వచ్చింది. ఏడాదికి పైగా ముట్టడి వేస్తే 1514లో కోట దక్కింది. కొండవీడు ఆ తర్వాతే. ఊరికే చదివితే "పక్కనుంచి పోవచ్చు కదా" అనిపిస్తుంది. అంత గట్టి కోటను శత్రువు చేతిలో వదిలేసి ముందుకు పోతే, వెనక నుంచి తిండిగింజలు ఎలా వస్తాయి? పటం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే పాఠకుడికి చూపినా చూపకపోయినా రచయిత గీసుకోవాలి. స్టీవెన్సన్ 1881లో ముందు ఒక దీవి పటం గీశాడు, ట్రెజర్ ఐలాండ్ కథ అందులోంచే పుట్టింది. పటం లేకుండా రాసుకుంటూ పోతే, గుర్రం మీద మూడు రోజులు పట్టిన దారి తిరుగు ప్రయాణంలో ఒక్క రాత్రికి అయిపోతుంది. తూర్పుకు పారిన నది ఇంకో అధ్యాయంలో ఉత్తరానికి తిరుగుతుంది. ఇలాంటివి చదివినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. ఇంత కష్టపడి రాజ్యాన్ని కట్టి, దాని నేలను ఇలా గాలికి వదిలేస్తారా?

నా నవలలో పటం పెడుతున్నాను. నా కథానాయిక ఒక నీరుగంటి (చెరువు నీళ్లను పొలాలకు వంతులవారీగా వదిలేవాడు) కూతురు. చెరువులు, కాలువలు, ఆమె నడిచిన ఊళ్లు, అంతవరకే గీయిస్తాను. కొండల అవతల ఏముందో ఆమెకు తెలియదు కాబట్టి అక్కడ ఖాళీగానే ఉంటుంది. నూటయాభయ్యో పేజీలో బయటపడాల్సిన రహస్య నగరాన్ని మొదటి పేజీలోనే అచ్చేసే పటాలు చూశాను. ఆ నగరం కోసం వెతికే టెన్షన్ మొత్తం పోయింది.

అచ్చు విషయం కూడా ఆలోచించాలి. మన అక్షరాలకు వత్తులు, గుడులు ఉంటాయి. సైజు తగ్గిస్తే 'క్షేత్రం' అన్న పేరు మసిమరకలా కనిపిస్తుంది. పేర్లు తక్కువగా, పొట్టిగా ఉండాలి. పటాన్ని రెండు పేజీల మీద పరిస్తే రాజధాని బైండింగ్‌లోకి పోతుంది, ఒక్క పేజీ చాలు. ఇక ఫోన్‌లో చదివేవాళ్లు పటాన్ని ఎంతని పెద్దది చేసుకుంటారు? దారీ దూరమూ వాక్యాల్లోనూ తెలియాలి. పటం చూడకపోతే కథే అర్థం కాదంటే ఆ తప్పు రచనది.

ప్రచురణకర్తలకు ఒక మాట. పటం గీయించేటప్పుడు "చిన్న బొమ్మే కదా" అని ఆర్టిస్టును ఊరికే అడగకండి. నవల మొత్తం చదివితే తప్ప ఆ పని కాదు. దానికి విడిగా డబ్బులివ్వండి, ముఖచిత్రం వేసినవాళ్ల పేరు పక్కనే వాళ్ల పేరూ వేయండి.