నక్ష గీసిందెవరు?

మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కనున్న సిటీ కాలేజీని ఎవరు కట్టారని అడిగితే ఎక్కువమంది నోట వచ్చే జవాబు 'నిజాం'. తాజ్‌మహల్ ఎవరు కట్టారని అడిగి, షాజహాన్ అనగానే 'కాదు, తాపీమేస్త్రీలు' అని చిన్నప్పుడు తోటివాళ్లను ఏడిపించనివాళ్లు మనలో తక్కువ. డబ్బిచ్చినవాడికీ రాయి పేర్చినవాడికీ నడుమ నక్ష గీసినవాడు ఒకడుంటాడు. ఆ ఆటలో కూడా అతనికి చోటు లేదు.

సిటీ కాలేజీ నక్ష ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్‌ది. 1908 వరద తర్వాత మూసీ గట్లను కొత్తగా తీర్చిదిద్దుతున్న రోజుల్లో, 1914లో, ఆయన నిజాం కొలువుకు వచ్చాడు. ఆయన గీసింది సిటీ హైస్కూల్ కోసం. 1929లో అది కాలేజీ అయింది. అంతకుముందు ఎష్ కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు చూశాడు. అక్కడ పేరంతా డిజైన్ గీసిన విలియం ఎమర్సన్‌కే పోయింది. ఇక్కడికొచ్చాక కథ తిరగబడింది. ఆ కాలపు పెద్ద కట్టడం ఏది కనిపించినా 'ఎష్‌ది' అనడం మనకు అలవాటైపోయింది.

హైకోర్టునే చూడండి. చాలాచోట్ల అదీ ఎష్ ఖాతాలోనే ఉంటుంది. కానీ కోర్టు తన చరిత్రలో చెప్పుకొనేది వేరు: ప్లాన్ గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్, దాన్ని అమలు చేసింది స్థానిక ఇంజినీరు మెహర్ అలీ ఫజిల్. 1915లో మొదలైన ఆ పని పూర్తయి 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైంది. ఒక దొర పేరు గుర్తుంచుకోవడం తేలికని మిగతా ఇద్దరినీ పక్కకు నెట్టేశామా? అలా జరిగి ఉంటే అది చిన్న పొరపాటు కాదు.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీది ఇంకో రకం తిప్పలు. ఆర్కిటెక్ట్ బెల్జియం దేశస్థుడని అందరూ చెబుతారు, పేరు మాత్రం కొన్నిచోట్ల ఎడ్విన్, కొన్నిచోట్ల మాన్స్యూర్ జాస్పర్. ఆయన ఎర్నెస్ట్ జాస్పర్, కైరోలో హెలియోపొలిస్ ప్యాలెస్ హోటల్ గీసినవాడు. 1939లో ప్రారంభమైన ఈ భవనంలో ఇక్కడి ఆర్కిటెక్ట్ జైన్ యార్ జంగ్ పాత్ర కూడా ఉంది. విదేశీ యూనివర్సిటీలు చూసిరమ్మని సయ్యద్ అలీ రజాతో పాటు ప్రభుత్వం పంపింది ఆయన్నే, జాస్పర్ వెళ్లిపోయాక పని ముగించిందీ ఆయనే. 'ఆర్కిటెక్ట్: ఫలానా' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇదంతా ఎగిరిపోతుంది.

ఈ గొడవ మనకొక్కరికే కాదు. స్కాట్లండ్‌లో గ్లాస్గో ఆర్ట్ స్కూల్ పని 1896లో దక్కింది హనీమన్ అండ్ కెప్పీ అనే సంస్థకు. గీసిన చార్లెస్ రెనీ మాకింటాష్ అప్పుడు అందులో ఉద్యోగి మాత్రమే. ఇప్పుడు ఊరంతా ఆ భవనాన్ని ఆయన పేరుతోనే పిలుస్తోంది.

పేరు ఎవరిదైతే ఏమిటి, పైకప్పు కారకుండా ఉంటే చాలదా అని అడిగేవారుంటారు. ఆ కారడం ఆపడానికే పేరు కావాలి. సున్నంతో కట్టిన గోడకు సిమెంట్ పూస్తే తడి లోపలే నిలిచి రాయిని తినేస్తుంది. అసలు ఏ గోడలో ఏం వాడారో, నీళ్లు ఎటు పోయేలా వాలు పెట్టారో పాత నక్షల్లో, పద్దుల్లో దొరుకుతుంది. ఎవరు గీశారో తప్పుగా అనుకుంటే వెతుకులాట కూడా తప్పు దారి పడుతుంది.

కాబట్టి మేం అడిగేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలున్నాయి. చదవాల్సినవి ఎక్కువగా ఉర్దూ, ఫార్సీల్లో ఉంటాయి కనుక ఆ భాషలు వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలి. ప్రతి పాత విద్యాలయం ముందూ ఒక పలక పెట్టి, కట్టించిందెవరు, గీసిందెవరు, దగ్గరుండి కట్టిందెవరు, ఆ మాటకు ఆధారమేమిటి అన్నవి విడివిడిగా రాయాలి. రెండు వాదాలుంటే రెండూ రాయాలి. హైకోర్టు దగ్గర పేచీ తెగేసరికి ఆలస్యం కావచ్చు. ముందు పక్కనున్న సిటీ కాలేజీ గేటు దగ్గర మొదలుపెట్టండి, అక్కడ పేచీ తక్కువ.