మూడేళ్లు చదివిన నర్సుకు మళ్లీ శిక్షణా?

వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది: "అమ్మమ్మలకు పురుడు పోసిన మంత్రసానులు ఏం చదివారు? మూడేళ్లు నర్సింగ్ చదివినవాళ్లకు మళ్లీ 18 నెలల మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే పని) శిక్షణా? ఎలాగూ కాన్పు చేసేది డాక్టరే. డబ్బు దండగ!"

మంత్రసాని చేతినేర్పును కాదనను. కానీ ఆ కథలు మనకు చెప్పింది బతికి బట్టకట్టిన అమ్మమ్మలే. పురిట్లో పోయినవాళ్లు ఏ కథా చెప్పలేదు.

"చేసేది డాక్టరే" అనే మాట లేబర్ రూం చూడనివాళ్లది. అర్ధరాత్రి నొప్పులు పడుతున్న మనిషి దగ్గర గంటల తరబడి ఉండేది స్టాఫ్ నర్సు. బిడ్డ పుట్టిన నిమిషంలోపే తల్లికి రక్తం ఎక్కువ పోకుండా 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పడాలి. బిడ్డ ఏడవకపోతే తుడిచి, వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి తీయకపోతే ఆ నిమిషంలోనే మాస్కు పెట్టి, బ్యాగ్ నొక్కి గాలి అందించాలి. డాక్టరుకు ఫోన్ కలిసేలోపు ఆ నిమిషం కాస్తా అయిపోతుంది. (ఈ రెండు పనులూ ఒక్క నర్సే ఎలా చేస్తుందంటారా? అది ఖాళీ పోస్టుల గొడవ.)

ఇక మూడేళ్ల చదువు. జీఎన్ఎంలో, అంటే ఆ మూడేళ్ల నర్సింగ్ డిప్లొమాలో, మెడికల్, సర్జికల్, పిల్లల వార్డు, మానసిక వైద్యం అన్నీ తిరగాలి. కాన్పుల వార్డు అందులో ఒకటి. పార్టోగ్రాఫ్, అంటే నొప్పులు ఎలా సాగుతున్నాయో చూపే పటం, గీయడం పరీక్ష కోసం నేర్చుకోవచ్చు. ఆ గీత చూసి, ఇంకా ఆగొచ్చా, ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపాలా అని తేల్చుకోవడం పదుల కాన్పులు దగ్గరుండి చేస్తేనే వస్తుంది. కాన్పులో పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే తరచూ అసలుకన్నా తక్కువే అనిపిస్తుంది. తల్లులు ప్రమాదంలో పడేది అక్కడే. అందుకే తెలంగాణ 2017లోనే ఈ మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రమూ మార్గదర్శకాలు తెచ్చింది.

దండగ లెక్క తీద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో 81.5 శాతం. దేశ సగటు 21.5. మామూలు కాన్పును ఓపికగా నడిపించే మనిషికి పెట్టే ఖర్చు దండగైతే, ఈ ఆపరేషన్ల ఖర్చును ఏమనాలి?

సందేశం రాసినాయన అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: శిక్షణ ఇచ్చి వదిలేస్తే నిలుస్తుందా? ఉత్తరప్రదేశ్‌లో కాన్పు గదుల సిబ్బందికి చెక్‌లిస్టు ఇచ్చి, నెలల పాటు పక్కనుండి నేర్పించి చూశారు. రెండు నెలలకు చేయాల్సిన పనుల్లో దాదాపు 73 శాతం జరిగాయి. నేర్పేవాళ్లు వెళ్లిపోయాక, ఏడాదికి అది 62కు జారింది. 2017లో ఫలితాలు వచ్చాయి: తల్లీబిడ్డల మరణాలు తగ్గలేదు.