బ్లర్‌కు ఒక శాఖ కావాలి

దేశంలో అన్నిటికీ ఓ విధానం ఉంది, బ్లర్‌కే లేదు. అందుకే ఎవరికి మసక పెట్టాలో, ఎవరికి అక్కర్లేదో ఎవరికి తోచినట్టు వాళ్లు తేల్చేస్తున్నారు.

2016లో, మ్యాపులో వీధుల ఫొటోలు చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో నది పక్కన నిలబడ్డ ఒక ఆవు మొహాన్ని బ్లర్ చేసింది. సాఫ్ట్‌వేర్ కాస్త అత్యుత్సాహం చూపిందని కంపెనీ ఒప్పుకుంది. జనం నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఆవుకు జరిగిన మర్యాద మన సర్కారు దవాఖానా పేషెంటుకు ఏనాడైనా జరిగిందా? నాయకుడి పుట్టినరోజు నాడు ఒకే అరటిపండును ఆరు చేతులు పట్టుకుంటాయి. ఏడో చెయ్యి సెలైన్ సూది గుచ్చి ఉన్నది, పేషెంటుది. మాసిన గడ్డం, మంచానికి వేలాడే కేస్ షీటుతో సహా ఆయన సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులన్నిటిలో నిగనిగలాడతాడు.

టీవీ వాళ్లు అలా కాదు, చట్టం తెలిసినవాళ్లు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కేసుల్లో ఉన్న పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టడానికి వీలయ్యే వివరం ఏదీ బయటపెట్టకూడదు. కాబట్టి పాప మొహాన్ని శ్రద్ధగా బ్లర్ చేస్తారు. ఆ పైన వీధి మొదట్లో కిరాణా కొట్టు బోర్డు, ఇంటి గేటు, గుమ్మంలో ఏడుస్తున్న నానమ్మ, "మా పక్కింటి పిల్లే సార్" అంటున్న పెద్దాయన, ఇవన్నీ హెచ్‌డీలో చూపిస్తారు. అదే చానల్లో రాత్రి సినిమాలో హీరో చేతిలో విస్కీ గ్లాసు వస్తే మాత్రం అంచు కూడా కనపడనివ్వరు. పాపం, గ్లాసుకు పెళ్లి కావాలి కదా.

ఇక కళాత్మక బ్లర్. దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. పెళ్లి మండపం డెకరేషన్‌కు లక్షలు పోసి, ఆ మండపాన్ని రంగు చుక్కలుగా మార్చే లెన్సున్న ఫొటోగ్రాఫర్‌కు మళ్లీ లక్షలు పోయగల జాతి మనది. అంత స్తోమత లేనివాళ్లకు ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఉంది. ఎవరు దగ్గర, ఎవరు దూరం అని అదే లెక్కగట్టి, వెనక నిలబడ్డ ఆడపడుచును పొగమంచులో కలిపేస్తుంది. ఒక్కోసారి లెక్క తప్పి పెళ్లికొడుకు కళ్లజోడు కాడను, పెళ్లికూతురు జడలో సగం మల్లెపూలను కూడా మింగేస్తుంది. ఆడపడుచును మాయం చేసినందుకు ఆ మాత్రం ఖర్చు భరించాలి.

ఆధార్ విషయంలో జనం జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది. ఫోన్‌లోనే హైలైటర్‌తో నంబరు మీద నల్లగా నాలుగు గీతలు గీసి పంపుతారు. అందుకున్నవాడు బ్రైట్‌నెస్ పెంచితే చాలు, అంకెలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. యూఐడీఏఐ వాళ్లు చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తున్నారు. దాన్ని లాడ్జి కౌంటర్లో పెట్టి చూడండి.

"ఇదేంటి సార్, నంబరు సగమే వచ్చింది. ఫుల్‌ది వాట్సాప్ చేయండి."

చేస్తాం. చేయక ఏం చేస్తాం? అయినా టెన్షన్ అక్కర్లేదు. ఆ కార్డు మీద మన ఫొటో ఉంది చూశారూ, దాన్ని ప్రభుత్వం వాళ్లే ముందుగా బ్లర్ చేసి ఇచ్చారు.