సవరణ: ఆదివారం ఆమిష్ కొట్లు ఉండవు

అమెరికాలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ గురించి పోయిన వారం రాస్తూ, ఆమిష్ వాళ్ల (పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ సమాజం) కొట్లు వారమంతా తెరిచే ఉంటాయన్నాను. తప్పు రాశాను. అక్కడి పర్యాటక కేంద్రం సమాచారం చూశాక తెలిసింది: ఆమిష్ వాళ్లు ఆదివారం వ్యాపారం చేయరు. నేను ఆదివారం షూఫ్లై పై (shoofly pie, అక్కడి తీపి వంటకం) కొన్నది వేరేవాళ్ల టూరిస్టు షాపులో. (ఆ షూఫ్లై పై మాత్రం బాగుంది, దాని అడుగున మొలాసిస్ మన బెల్లం పాకంలా జిగురుగా.)

"కరెంటు అసలు వాడరు" అన్నదీ సరికాదు. బయటి లైను తీసుకోరు, అంతే. బ్యాటరీలు వాడతారు, చాలా ఇళ్లలో ఫ్రిజ్ ప్రొపేన్ గ్యాసుతో నడుస్తుంది. ఏది వాడొచ్చో ఒక్కో చర్చి సమాజానికి ఒక్కోలా ఉంటుంది. ఈ వీకెండ్ బయల్దేరేవాళ్లు శనివారమే వెళ్లండి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, రోడ్డు పక్క కూరగాయల బల్లల దగ్గర పనికొస్తాయి.