హుద్‌హుద్ చెట్ల లెక్క వేరు, బొగ్గు లెక్క వేరు

జూన్ 5న మా అపార్ట్‌మెంట్‌లో మొక్కలు నాటారు. పద్నాలుగు మొక్కలు, ఒక ఫ్లెక్సీ, దాని ముందు ఫోటోకి ముప్పై మంది. గేటు బయట ఇంజన్ ఆపకుండా ఏసీ వేసి ఉంచిన రెండు కార్లు. మా వాచ్‌మన్ ఒక్కడే అసలు మాట అన్నాడు: "ఏటమ్మా, వానలు పడ్డాక ఏస్తే బతుకును గాని, ఈ ఎండలో ఏటి లాభం?" వారం తిరిగేసరికి తొమ్మిది మాడిపోయాయి. ఫ్లెక్సీ మాత్రం భేషుగ్గా ఉంది.

పోనీ, అది వదిలేస్తాను. ఆ రోజు మైకులో ఒకాయన అన్న మాటే నాకు నిద్ర పట్టనివ్వట్లేదు. "హుద్‌హుద్ తుఫానుకి చెట్లు పోయాయి, అందుకే వైజాగ్ ఇలా మండిపోతోంది. అవి మళ్ళీ వేసేస్తే ఈ గ్లోబల్ వార్మింగ్ గొడవే ఉండదు." చప్పట్లు కూడా కొట్టారండీ!

2014 అక్టోబర్ 12ని ఈ ఊళ్ళో ఎవరు మర్చిపోతారు? మర్నాడు చూస్తే కైలాసగిరి గుండు కొట్టించుకున్నట్టుంది. నీడ పోయింది, వీధులు వేడెక్కాయి, ఒప్పుకుంటాను. కానీ చెట్టు గాలిలోంచి తీసుకునే కార్బన్ చేబదులు లాంటిది. బతికినన్నాళ్ళు కాండంలో, వేళ్ళలో దాచుకుంటుంది. కూలి కుళ్ళినా, పొయ్యిలోకి పోయినా ఎక్కువ భాగం తిరిగి గాలికే ఇచ్చేస్తుంది. మనమూ అంతే. మనం వదిలే ఊపిరిలోని కార్బన్, నిన్న తిన్న అన్నంలోది. ఆ వరి అంతకుముందు పంటకాలంలో గాలి దగ్గర తీసుకున్నదే. ఈ చేతి అప్పు ఆ చేత్తో తీరిపోతుంది.

బొగ్గు చేబదులు కాదు. మన పరవాడ పక్కన సింహాద్రి ప్లాంట్ ఉంది కదా, 2000 మెగావాట్లది. దానికి ఒడిశాలోని తాల్చేరు నుంచి వచ్చే బొగ్గు, పాతిక కోట్ల ఏళ్ళ కిందటి అడవి. అందులో కిలో కార్బన్ మండితే ఆక్సిజన్‌తో కలిసి 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. భూమి అంతకాలం పాతిపెట్టి దాచినదాన్ని ప్రపంచమంతా కలిసి రెండు వందల ఏళ్ళలో తవ్వి గాలిలో పోసింది. పరిశ్రమలు రాకముందు పది లక్షల పాళ్ళ గాలిలో 280 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కీలింగ్ అనే ఆయన దీన్ని కొలవడం మొదలుపెట్టాడు. ఆ గ్రాఫ్ రంపంలా ఉంటుంది. ఉత్తరాది దేశాల్లో చిగుళ్ళు వేసినప్పుడు ఏటా కాస్త కిందికి, ఆకులు రాలాక మళ్ళీ పైకి. ఆ రంపపు పళ్ళు చెట్ల పని. రంపం రంపమంతా ఏటవాలుగా పైకెక్కుతోందే, అది ముఖ్యంగా బొగ్గు, పెట్రోలు, గ్యాస్ పని. అడవులు నరకడం పాపం కూడా అందులో కొంత ఉంది. పద్నాలుగు మొక్కలు ఆ ఏటవాలుని ఆపుతాయా?

కార్బన్ డయాక్సైడ్ లాంటి, భూమి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే గ్రీన్‌హౌస్ వాయువులు అసలు ఉండకూడదని కాదు. అవి లేకపోతే భూమి సగటు వేడి మైనస్ 18 డిగ్రీలుండేది. దుప్పటి అవసరమే, దాని మీద బొంత కూడా కప్పాం. అందులోనూ మన ఊరి ఉక్కపోత! 36 డిగ్రీలకే చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. రాత్రి పదకొండుకి కూడా జిడ్డే.

మురీ మిక్చర్ తింటూ మనం చూసే సముద్రమే ఇన్నాళ్ళూ కాపాడుతోంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావు వంతు, అదనపు వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రాలే మింగాయి. ఊరికే కాదు. నీళ్ళు ఆమ్లం వైపు జరిగి ఆల్చిప్పలకి పెంకు కట్టుకోవడం కష్టమవుతోంది. వేడి నీళ్ళేమో తుఫానుకి మేత. అలాగని ఆర్కే బీచ్‌లో ఇసుక కోతంతా వార్మింగ్ ఖాతాలో రాసేయకండి. ఇసుకని ఉత్తరానికి రానివ్వకుండా హార్బర్ గోడ అడ్డుపడటం అక్కడ పాత కథ.

నువ్వు ఏసీ వేసుకోవా అంటారు. వేసుకుంటాను, ఇది రాస్తున్నదీ ఏసీలోనే. అందుకే మేడ మీద సోలార్ పెట్టిద్దామని రెండేళ్ళుగా అడుగుతున్నా. "చూద్దాం మేడమ్" అంటున్నది ఆ మైకు ఆయనే. మేడ మీద బట్టలు ఆరేసుకోవాలట!

మిగిలిన ఐదు మొక్కలకి వాచ్‌మన్ నీళ్ళు పోస్తున్నాడు. వీధికి నీడైనా వస్తుంది, సంతోషం. ఆదివారం మళ్ళీ మీటింగ్ ఉంది. కొత్త కొటేషన్ ప్రింట్ తీయించాను, బట్టల తీగలకి చోటు వదిలి గీయించిన ప్లాన్‌తో సహా.