గార్డు దిగి పాయింట్లు మార్చే ఆ రైలుని అలా ఉండనివ్వండి

మొన్న ఒకాయన, ఈ కాలంలో కూడా ఇంగ్లండ్‌లో మనిషి కిందకి దిగి లీవర్లు లాగడమేంటండీ, అంతా ఆటోమేటిక్ చేసెయ్యొచ్చు కదా అన్నాడు. అప్పట్నుంచి మనసులో అదే నలుగుతోంది, అందుకే ఈ పోస్ట్.

ఆయన చెప్పింది ఇంగ్లండ్ నైరుతి మూల కార్న్‌వాల్‌లో లిస్కర్డ్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న లూ ఊరికెళ్లే చిన్న లైన్ గురించి. ప్లిమత్‌లో చదువుకునే రోజుల్లో ఖాళీ దొరికితే చాలు అదెక్కేవాణ్ణి. లిస్కర్డ్‌లో మెయిన్ లైన్‌కి అడ్డంగా దీనికో వేరే ప్లాట్‌ఫారం. బయల్దేరిన బండి గుండ్రంగా తిరిగి లోయలోకి దిగి, మెయిన్ లైన్ వంతెన కిందనుంచి పోయి కూంబ్ జంక్షన్ దగ్గర ఆగుద్ది. డ్రైవర్ బ్యాగ్ భుజానేసుకుని మన సీట్ల మధ్యలోంచి నడిచి రెండో చివరికెళ్తాడు, ఈలోపు గార్డు దిగి లీవర్ లాగి పాయింట్లు, అంటే బండి ఏ లైన్‌లోకి పోవాలో తేల్చే కదిలే పట్టాలు, మారుస్తాడు, బండి వెనక్కి తిరిగి లూ వైపు పోతుంది. అసలు ఆ లోయలో లైన్ వేరే, పైన మెయిన్ లైన్ వేరే, రెండిటినీ కలపడానికి 1901లో ఈ వంపు వేశారు కాబట్టి ఈ తిరుగుడు. మధ్యలో సెయింట్ కీన్, కాజ్‌లాండ్ లాంటి స్టేషన్లలో దిగాలంటే గార్డుకి ముందే చెప్పాలి, ఎక్కాలంటే ఊళ్లో బస్సుకి ఎత్తినట్టు చెయ్యెత్తాలి.

నాన్న వచ్చినప్పుడు తీసుకెళ్లాను. వాన పడుతోంది, గార్డు తడిసిన బూట్లతో పైకెక్కి డ్రైవర్‌కి బెల్ కొట్టాడు. నాన్న కిటికీ అద్దానికి మొహం ఆనించి చూస్తూ "ఒరేయ్, మన స్టేషన్ మాస్టర్ బెత్తపు రింగులో టోకెన్ పెట్టి డ్రైవర్‌కి అందించేవాడు, గుర్తుందా" అన్నారు. ఆ టోకెన్ చేతికొస్తేనే డ్రైవర్ సింగిల్ లైన్ మీదకి బండి తీయాలి, ఎదురుగా ఇంకోటి రాకుండా. సింగిల్ లైన్ పక్కన పెరిగిన మాకు అది రోజూ చూసే సంగతే. ఆ టోకెన్ పద్ధతి ఈ బ్రిటిష్ వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందేగా.

అలాగని పాతదంతా ఉండాలని నేననను. 1976లో వచ్చిన ఇంటర్‌సిటీ 125 అనే ఎక్స్‌ప్రెస్ బళ్లలో దిగాలంటే కిటికీ దించి, చెయ్యి బయటపెట్టి, బయటి హ్యాండిల్ తిప్పాల్సొచ్చేది. నాకెంత ఇష్టమో, కానీ చేతుల్లో బలం లేని ముసలివాళ్లకి, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకి అది నరకం, పోవడమే మంచిదైంది. ఇంక టికెట్ల సంగతి చూడండి, అదే బండి, అదే సీటు, మధ్య స్టేషన్ దగ్గర విరిచి రెండు టికెట్లు కొంటే చాలాసార్లు తక్కువ పడుద్ది, బండి అక్కడ ఆగితే చాలు, దిగక్కర్లేదు. ఆ కిటుకు తెలీక అమ్మానాన్నలకి ఫుల్ రేటు పెట్టి కొన్నాను, ఇప్పటికీ మండుద్ది. మాంచెస్టర్ దగ్గర స్టాక్‌పోర్ట్ నుంచి స్టేలీబ్రిడ్జ్‌కి ఏళ్ల తరబడి వారానికి ఒక్కసారే బండి నడిపారు, లైన్ మూసేయాలంటే చట్టప్రకారం పెద్ద తతంగం ఉంటది కాబట్టి పేరుకి ఒకటి నడిపి చేతులు దులుపుకోవడం. దాన్ని సరదాగా చెప్పుకుంటారు గానీ ఆ దారిలోని స్టేషన్ల దగ్గర ఉండేవాళ్లకి అది రైలు లేనట్టేగా.

లూ లైన్ అలాంటిది కాదు, అక్కడ జనం రోజూ ఎక్కుతారు. 1963లో బీచింగ్ రిపోర్ట్, అంటే నష్టాల పేరుతో బ్రిటన్‌లో వందల లైన్లు, స్టేషన్లు తీసేయమన్న రిపోర్ట్, మూసేయమన్న వాటిలో ఇదీ ఉంది, 1966లో రవాణా మంత్రి బార్బరా కాజిల్ ఆపబట్టి బతికింది. అలా బతికిన లైన్‌లో ఓ మనిషి దిగి లీవర్ లాగడానికి పట్టే రెండు నిమిషాలు మనకి బరువైపోయిందా సార్? ఆ రెండు నిమిషాలూ బోగీలో ఫోన్లు పక్కన పెట్టి అందరూ కిటికీలోంచి ఆ గార్డునే చూస్తుంటారు.